ఏడు నెలల బాబుకు చక్రాల వాకర్ కొనవచ్చునా? భద్రత గురించి, నడక గురించి చర్చ

సింధూర (తెనాలి)

సభ్యులందరికీ నమస్కారం. మా బాబుకు ఈ నెలతో ఏడు నెలలు నిండుతాయి. బోర్లా పడి పొట్ట మీద వెనక్కు జరుగుతున్నాడు. దిండు ఆసరా పెడితే కాసేపు కూర్చుంటున్నాడు. వాడి మేనమామ వచ్చే ఆదివారం చక్రాల వాకర్ కొని తెస్తానని అంటున్నాడు. కాళ్లకు బలం వస్తుందని, ఏడాది తిరగకముందే నడుస్తాడని మా అత్తగారు సంబరపడుతున్నారు. టీకా వేయించడానికి వెళ్లినప్పుడు పిల్లల డాక్టరుగారిని అడిగితే "వద్దమ్మా" అని ఒక్క మాటతో సరిపెట్టారు. బయట చాలామంది వేచి ఉండడంతో ఎందుకు వద్దో అడిగే వీలు లేకపోయింది. కారణం తెలియకుండా ఇంట్లో పెద్దవాళ్ల మాట కాదనడం నాకు ఇబ్బందిగా ఉంది.

మా ఇంటి సంగతి కూడా చెబుతాను. మేము మేడ మీద వాటాలో ఉంటాము. వరండా చివర కిందికి మెట్లు ఉన్నాయి, వాటికి గేటు లేదు. వంటగదికీ దేవుడి గదికీ గడపలు ఉన్నాయి. మావారు ఉదయం వెళితే రాత్రికి గానీ రారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, బాబును ఎత్తుకుని తిరగలేరు. నిజం చెప్పాలంటే, వంట చేసేటప్పుడు వాడిని ఎక్కడ ఉంచాలన్నదే నా అసలు సమస్య, అందుకే వాకర్ అనగానే నాకూ కొంచెం ఆశ కలిగింది. ప్రమాదాల సంగతి, నడక ఆలస్యమవుతుందన్న సంగతి, ఈ రెండింటిలో ఎంత నిజముందో తెలిసినవారు వివరంగా రాయగలరు.

వేణు (విశాఖపట్నం)

సింధూర గారూ, మా ఇద్దరు పిల్లలూ వాకర్‌లో తిరిగినవారే. పెద్దవాడు పదకొండో నెలలో నడిచాడు, చిన్నది ఏడాది దాటాక నడిచింది. ఇద్దరిలో ఎవరికీ దెబ్బ తగలలేదు, కాళ్లు వంకర పోలేదు. ఈ రోజుల్లో ప్రతి వస్తువునూ భూతద్దంలో చూసి భయపడడం ఎక్కువైంది. మెట్ల దగ్గర తలుపు మూసి, పెద్దవాళ్లు ఒక కన్ను వేసి ఉంచితే చాలునని నా అభిప్రాయం.

శైలజ, పిల్లల ఫిజియోథెరపిస్టు (హైదరాబాద్)

సింధూర గారూ, మీరు రెండు ప్రశ్నలను విడదీసి అడగడం బాగుంది, ఎందుకంటే వాటికి ఒకే సమాధానం లేదు. నేను నడక గురించి రాస్తాను.

బిడ్డ నడవాలంటే కాళ్లలో బలం ఒక్కటే ఉంటే చాలదు. మెడ నిలపడంతో మొదలైన అదుపు క్రమంగా వీపుకు, నడుముకు, తుంటికి దిగుతుంది. బోర్లా పడుకుని తల ఎత్తినప్పుడు మెడ, భుజాలు గట్టిపడతాయి. దోగాడేటప్పుడు ఒక చెయ్యి, దానికి ఎదురు మోకాలు కలిసి ముందుకు జరగడం, బరువును ఒక పక్క నుంచి మరో పక్కకు మార్చుకోవడం అలవడతాయి. మంచం పట్టుకుని లేచి, పక్కకు అడుగులు వేస్తూ, కూలబడి మళ్లీ లేచేటప్పుడు తుంటి కండరాలు పని చేస్తాయి. పడిపోబోతున్నానని శరీరం గ్రహించి సర్దుకోవడమే నడకలోని అసలు విద్య.

వాకర్‌లో ఈ పనులేవీ జరగవు. గుడ్డ సీటు బరువు మోస్తుంది, చుట్టూ ఉన్న చట్రం పడకుండా ఆపుతుంది. సైకిలు నేర్చుకునేవాడిని వెనక నుంచి ఒకరు ఎప్పుడూ వదలకుండా పట్టుకుంటే వాడికి తొక్కడం వస్తుంది గానీ నిలదొక్కుకోవడం రాదు, ఇదీ అలాంటిదే. పైగా సీటు ఎత్తు కొంచెం ఎక్కువైనా బిడ్డ మునివేళ్లతో నేలను తన్ని కదులుతాడు. అప్పుడు పిక్కలకు పని పెరుగుతుంది, నడకకు కావలసిన తుంటి, తొడ కండరాలకు తగ్గుతుంది. అత్తగారు చెప్పే "కాళ్ల బలం" పూర్తిగా అబద్ధమని నేను అనను. బలం వస్తుంది, కానీ రావలసిన చోట కాదు.

ముందున్న పెద్ద పళ్లెం వల్ల బిడ్డకు తన పాదాలు కనిపించవు. ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు. 1999లో అమెరికాలో సీగెల్, బర్టన్ అనే పరిశోధకులు 109 మంది పసిపిల్లలపై చేసిన అధ్యయనంలో, వాకర్ వాడిన పిల్లలు కూర్చోవడం, పాకడం, నడవడం వాడనివారికంటే ఆలస్యంగా చేశారని, పాదాలు కనబడనివ్వని వాకర్లు వాడినవారిలో ఆ తేడా మరింత స్పష్టంగా ఉందని తేలింది. తాను కదిపిన కాలు కదలడం కంటితో చూడడం కూడా నేర్చుకోవడంలో భాగమే కదా.

సింధూర (తెనాలి)

శైలజ గారూ, ధన్యవాదాలు. మీ మాటలను అత్తగారికి చదివి వినిపించాను. "మరి పాదాలు కనిపించే వాకర్ కొంటే సరిపోతుందా?" అని అడిగారు. నేను సమాధానం చెప్పలేకపోయాను.

శైలజ, పిల్లల ఫిజియోథెరపిస్టు (హైదరాబాద్)

అత్తగారి ప్రశ్న సబబైనదే. పాదాలు కనిపించినా బరువు మోసేది సీటే, పడకుండా ఆపేది చట్రమే, కాబట్టి నిలదొక్కుకోవడం నేర్చుకునే అవకాశం అప్పుడూ రాదు. ఇక ప్రమాదం సంగతికి వస్తే, పాదాలు కనిపించే వాకర్‌కు కూడా చక్రాలు ఉంటాయి.

ప్రసాద్ (బ్రాంప్టన్, కెనడా)

మేము ఉండే దేశంలో ఈ చర్చకే తావు లేదు కాబట్టి ఇక్కడి సంగతి చెప్పడం ఉపయోగపడుతుందని అనుకుంటున్నాను. 2004 ఏప్రిల్ 7న కెనడా ప్రభుత్వం చక్రాల బేబీ వాకర్లను నిషేధించింది. ఇలా నిషేధించిన మొదటి దేశం ఇదే. తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటన, అన్నీ నిషేధమే. ఇక్కడి ఇళ్ల ముందు వారాంతాల్లో పెట్టే పాత సామాన్ల అమ్మకంలో కూడా వాకర్ పెట్టకూడదు. ఇంట్లో పాతది ఉంటే ఎవరికీ ఇవ్వకుండా, మళ్లీ వాడడానికి వీలులేకుండా విరగ్గొట్టి పారేయమని ఇక్కడి ఆరోగ్య శాఖ చెబుతుంది.

మా అమ్మాయి పుట్టినప్పుడు మా అమ్మగారు గుంటూరు నుంచి వస్తూ వాకర్ తెస్తానని పట్టుబట్టారు. పెట్టెలో తెచ్చినా అది దిగుమతి కిందికే వస్తుందని చెప్పి ఒప్పించడానికి చాలా శ్రమ పడవలసి వచ్చింది. "అంత నేరమా?" అని ఆమె ఇప్పటికీ నవ్వుతుంటారు. ఇక్కడి తెలుగు కుటుంబాలలో చాలామందికి ఈ సంగతి తెలియదు. తాతమ్మలు, అమ్మమ్మలు వచ్చే ముందు ఫోనులో చెప్పడం మేలు.

నిషేధించిన వస్తువు ఏదో చట్టం స్పష్టంగా నిర్వచించింది: చక్రాల మీద గానీ, కదలడానికి వీలున్న మరేదైనా అమరిక మీద గానీ నిలిచి, బిడ్డను మధ్యలో కూర్చోబెట్టి లేదా నిలబెట్టి, పాదాలు నేలకు ఆనేలా ఉండి, దానితో అటూ ఇటూ కదలగలిగే సాధనం. బిడ్డ వెనక నిలబడి తోసుకుంటూ వెళ్లే బొమ్మ బండి ఈ నిర్వచనంలోకి రాదు.

వేణు (విశాఖపట్నం)

ప్రసాద్ గారూ, కెనడా ఇళ్లలో నేలమాళిగ, దానికి నిటారు మెట్లు ఉంటాయి కాబట్టి వాళ్ల భయం వాళ్లది. అమెరికాలో కూడా ఇళ్లు అలాంటివే గదా, మరి అక్కడ ఎందుకు నిషేధించలేదు? అంత ప్రమాదకరమైతే అమెరికా ఊరుకుంటుందా?

సత్యనారాయణ, విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు (నల్గొండ)

వేణు గారి ప్రశ్నకు అంకెలతో సమాధానం చెప్పడానికి ప్రయత్నిస్తాను. అమెరికా ఊరుకోలేదు, వేరే దారి పట్టింది. అక్కడి పిల్లల వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చక్రాల వాకర్ల తయారీనీ అమ్మకాన్నీ నిషేధించాలని 2001లోనే కోరింది. ప్రభుత్వం నిషేధించకుండా ప్రమాణాలతో కట్టడి చేసింది. 1997లో స్వచ్ఛంద ప్రమాణం ఒకటి వచ్చింది: వాకర్ 36 అంగుళాల ద్వారంలో పట్టనంత వెడల్పుగా ఉండాలి, లేదా మెట్టు అంచుకు రాగానే కింద ఉన్న పట్టీలు నేలను పట్టి ఆపేలా ఉండాలి. 2010లో అలాంటి ప్రమాణాన్ని తప్పనిసరి చేశారు.

2018లో పీడియాట్రిక్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, 1990 నుంచి 2014 వరకు 25 ఏళ్లలో 15 నెలల లోపు పిల్లలు 2,30,676 మంది వాకర్ దెబ్బలతో అమెరికాలోని అత్యవసర విభాగాలకు వచ్చారని అంచనా. వారిలో 90.6 శాతం మందికి దెబ్బ తగిలింది తలకు లేదా మెడకు. 74.1 శాతం మంది మెట్ల మీద నుంచి వాకర్‌తో సహా పడ్డారు. ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినవారు 4.5 శాతం, వారిలో మూడో వంతు కంటే ఎక్కువ మందికి కపాలం ఎముక చిట్లింది. 1990లో 20,650గా ఉన్న ఏటి సంఖ్య 2003 నాటికి 3,201కి తగ్గింది. ప్రమాణాలు రావడం, వాకర్ వాడకం తగ్గడం, చక్రాలు లేని ఆట కుర్చీలు అందుబాటులోకి రావడం దీనికి కారణాలుగా చెబుతారు. తగ్గింది, కానీ ఆగలేదు. తగ్గిన ఆ సంఖ్య కూడా తలకు దెబ్బ తగిలిన పసిపిల్లలదే.

"మా పిల్లలకు ఏమీ కాలేదు" అన్న మాట గురించి ఒక్క మాట. వేణు గారి అనుభవాన్ని నేను శంకించడం లేదు. వాకర్ వాడిన పిల్లల్లో అత్యధికులకు ఏమీ కాదు. అందుకే ఇరుగుపొరుగువారిని అడిగి తెలుసుకునే పద్ధతి ఇలాంటి విషయాల్లో పనికిరాదు. అరుదుగా జరిగే పెద్ద ప్రమాదం ఒక వీధిలోని అనుభవంలో కనిపించదు, ఒక దేశపు లెక్కల్లోనే కనిపిస్తుంది.

ఇక శైలజ గారు చెప్పిన నడక ఆలస్యం మీద నాకు కొంచెం భిన్నాభిప్రాయం ఉంది. 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఐర్లండ్‌కు చెందిన 190 మంది పిల్లలపై ఒక అధ్యయనం వచ్చింది. వాకర్‌లో గడిపిన సమయమంతా కలిపితే వచ్చే ప్రతి 24 గంటలకూ, సొంతంగా నడవడం 3.3 రోజులు, సొంతంగా నిలబడడం 3.7 రోజులు ఆలస్యమైనట్లు తేలింది. పత్రికల్లో దీన్ని భయంకరంగా రాశారు. లెక్క వేసి చూడండి: రోజుకు గంట చొప్పున నాలుగు నెలలు వాడితే మొత్తం 120 గంటలు, అంటే ఐదు ఇరవైనాలుగులు, ఆలస్యం సుమారు పదహారు రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో సహా పలు దేశాల పిల్లలను పరిశీలించి 2006లో ప్రచురించిన దాని ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ సొంతంగా నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా జరగవచ్చు. అంత విశాలమైన గడువులో పదహారు రోజులు పెద్ద విషయం కాదు. పైగా ఇటువంటి అధ్యయనాల్లో వాకర్ ఆలస్యానికి కారణమా, లేక ఆలస్యంగా కదిలే బిడ్డనే తల్లిదండ్రులు వాకర్‌లో ఎక్కువ సేపు పెడతారా అన్నది తేల్చడం కష్టం. 1982లో కవల పిల్లల జంటలలో ఒకరికి వాకర్ ఇచ్చి, మరొకరికి ఇవ్వకుండా చేసిన చిన్న పరిశీలనలో నడక మొదలైన వయసులో తేడా కనిపించలేదు.

కాబట్టి నా తీర్పు ఇది: వాకర్‌ను వద్దనడానికి నడక ఆలస్యం బలహీనమైన కారణం, తలకు తగిలే దెబ్బ బలమైన కారణం. "త్వరగా నడుస్తాడు" అన్న వాదనకు మాత్రం ఆధారమే లేదు. ఏ అధ్యయనంలోనూ వాకర్ నడకను ముందుకు తెచ్చిందన్న సంగతి నా కంటపడలేదు.

శైలజ, పిల్లల ఫిజియోథెరపిస్టు (హైదరాబాద్)

మాస్టారూ, పదహారు రోజుల లెక్కతో నాకు పేచీ లేదు. మామూలుగా ఎదిగే బిడ్డ ఆ తేడాను ఎలాగూ పూడ్చుకుంటాడు. నా భయం వేరే చోట ఉంది. కాళ్లు బిగుసుకుని ఉండడం, ఒక పక్క బలహీనత వంటి ఇబ్బందులున్న బిడ్డ కూడా వాకర్‌లో వేస్తే గదంతా తిరుగుతాడు. చూసేవారికి "చక్కగా నడుస్తున్నాడు" అనిపిస్తుంది. అలా కొన్ని నెలలు గడిచిపోయాక, చికిత్స త్వరగా మొదలుపెట్టే అవకాశం దాటాక మా దగ్గరకు తీసుకువస్తారు. లెక్కల్లో పడని నష్టమిది.

వేణు (విశాఖపట్నం)

మాస్టారి వివరణ బాగుంది. అయినా ఆ లెక్కల్లో నాలుగింట మూడు వంతులు మెట్ల ప్రమాదాలే. మెట్లు లేని ఫ్లాటులో, పెద్దవాళ్లు ఎదురుగా ఉండగా వాడితే వచ్చే ప్రమాదం ఎంత?

నిర్వాహకురాలు

చర్చ మర్యాదగా సాగుతున్నందుకు సంతోషం. కొన్ని కంపెనీల వాకర్ల పేర్లతో వచ్చిన రెండు వ్యాఖ్యలను తొలగించాము. దయచేసి కంపెనీల ప్రస్తావన లేకుండా రాయండి.

శైలజ, పిల్లల ఫిజియోథెరపిస్టు (హైదరాబాద్)

వేణు గారూ, మెట్లు లేకపోతే ప్రమాదం తగ్గుతుంది, నిజమే. కానీ "ఎదురుగా ఉండగా" అన్న మాట మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవద్దు. వాకర్‌లోని బిడ్డ ఒక్క సెకనులో మూడు అడుగులకు మించి దూసుకుపోగలడు. మీరు కుర్చీలోంచి లేచేలోగా వాడు గది ఆ చివరన ఉంటాడు. వాకర్ ప్రమాదాలలో ఎక్కువ భాగం పెద్దవాళ్లు చూస్తూ ఉండగానే జరుగుతాయని అమెరికా పిల్లల వైద్యుల సంఘం తల్లిదండ్రులకు చెబుతూనే ఉంది.

ఇక ఫ్లాటులో ఏముంటాయో చూడండి. నేల మీద పాకే బిడ్డకు అందని ఎత్తు, వాకర్‌లో నిటారుగా ఉన్న బిడ్డకు అందుతుంది. బల్ల అంచున పెట్టిన వేడి టీ గ్లాసు, వేలాడే బల్ల గుడ్డ, ఇస్త్రీ పెట్టె తీగ, కూజా, దేవుడి దగ్గర వెలిగించిన దీపం, అన్నీ చేతికి వస్తాయి. స్నానాలగది తలుపు తెరిచి ఉంటే నీళ్ల బకెట్టు మీదికి వంగగలడు. గడప దగ్గర ముందు చక్రాలు ఆగిపోతాయి, బిడ్డ ఊపు ఆగదు. బండి ముందుకు తిరగబడుతుంది. సింధూర గారి ఇంట్లో మెట్లకు గేటు పెట్టినా గడపలు తీసేయలేరు కదా.

శ్రీనివాస్, పిల్లల సామాన్ల దుకాణం (వరంగల్)

నేను వాకర్లు అమ్మేవాడిని కాబట్టి ఈ చర్చలో నోరు విప్పాలా వద్దా అని సంకోచించాను. కొనడానికి వచ్చేవారిలో ఎక్కువ మంది తల్లులు కారు. బారసాలకో, అన్నప్రాశనకో, మొదటి పుట్టినరోజుకో కానుకగా కొనే మేనమామలు, బాబాయిలు, స్నేహితులు. పాట వస్తుందా, లైట్లు వెలుగుతాయా, రంగు ఏముంది అని అడుగుతారు. చక్రాలకు ఆపే పట్టీ ఉందా అని అడిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు. మెడ సరిగ్గా నిలవని ఐదు నెలల పిల్లలకు కూడా తీసుకువెళుతుంటారు, నేను చెప్పినా వినరు.

మాస్టారు చెప్పిన పట్టీల సంగతి మీద ఒక మాట. కొన్ని రకాలకు అడుగున రబ్బరు ముక్కలు ఉంటాయి, కొన్నింటికి అసలు ఉండవు. ఉన్నవాటికి కూడా దుమ్ము పట్టి, అరిగి, నున్నటి టైల్స్ మీద పట్టు తగ్గుతుంది. ఇక వెడల్పు సంగతి: మన ఇళ్లలో లోపలి తలుపులు రెండున్నర అడుగుల నుంచి మూడు అడుగుల వరకు ఉంటాయి, నా దగ్గరున్న వాకర్లన్నీ వాటిలోంచి సులువుగా దూరిపోతాయి. నా కొట్టులో వాకర్లు ఇప్పటికీ ఉన్నాయి, అడిగినవారికి అమ్ముతున్నాను కూడా. కానీ మేడ మీద ఇల్లని చెబితే మాత్రం బొమ్మల వైపు తిప్పి చూపిస్తాను.

రాజ్యలక్ష్మి (కాకినాడ)

అమ్మా సింధూరా, నాకు నలుగురు మనవలు. మా రోజుల్లో బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, అడుగేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు అని ప్రతిదానికీ ఒక పిండివంట చేసి వాడకట్టంతా పంచేవారు. ఏది ఎప్పుడు జరిగితే అప్పుడే ఆ పండుగ. అరిసెలు ఒక నెల ముందుగా వండుకోవాలని ఎవరూ తొందరపడలేదు. ఇప్పుడు పక్కింటి పిల్ల పదో నెలలో నడిచిందంటే మన పిల్లవాడికి ఏదో లోపమన్నట్లు బెంగ పెట్టుకుంటున్నారు.

అలాగని పాత రోజుల్లో అంతా క్షేమమని నేను చెప్పను. కుంపట్లు నేల మీదే ఉండేవి, పెరటి నూతికి గట్టు లేని ఇళ్లూ ఉండేవి. పిల్లవాడిని చూసుకోవడానికి ఇంటి నిండా మనుషులు ఉండేవారు, అదొక్కటే తేడా. నీకు ఆ మనుషులు లేరు, అందుకే వాకర్ మీద ఆశ పుట్టింది. అందులో తప్పేమీ లేదమ్మా.

నాదొక సందేహం. చెక్కతో చేసిన మూడు చక్రాల నడక బండి ఉంటుంది కదా, పిల్లవాడు పైకర్ర పట్టుకుని తోసుకుంటూ నడుస్తాడు. మా పిల్లలందరూ దానితోనే అడుగులు నేర్చారు. అది కూడా పనికిరాదా?

శైలజ, పిల్లల ఫిజియోథెరపిస్టు (హైదరాబాద్)

రాజ్యలక్ష్మి గారూ, ఆ బండి వేరు, ఈ వాకర్ వేరు. చెక్కబండి దగ్గర బిడ్డ తన బరువు తానే మోస్తాడు, పాదాలు పూర్తిగా నేలకు ఆనుతాయి, పట్టు వదిలితే కూలబడతాడు. కూలబడడం కూడా వాడికి పాఠమే. అయితే ఏదో ఒకటి పట్టుకుని తనంతట తాను లేచి నిలబడి, పక్కకు అడుగులు వేయడం మొదలుపెట్టిన తరువాతే దాన్ని ఇవ్వాలి. ఏడో నెలలో నిలబెట్టి చేతికి ఇవ్వకూడదు. తేలికపాటి బండి నున్నటి నేల మీద ముందుకు పారిపోతుంది, బిడ్డ ముఖం మీద పడతాడు. అడుగున ఇసుక మూటో బియ్యం సంచో పెట్టి బరువు చేస్తే నెమ్మదిగా కదులుతుంది. మెట్లున్న వైపు, వాలున్న వైపు దాన్ని కూడా వాడకండి.

సింధూర (తెనాలి)

అందరికీ కృతజ్ఞతలు. రాజ్యలక్ష్మి అమ్మగారూ, మీరు నా మనసులోని మాట చెప్పారు. వాకర్ వద్దని నాకు నచ్చజెప్పారు, సరే. కానీ రోజూ వంటకు, స్నానానికి, బట్టలకు కలిపి గంటన్నర, రెండు గంటలు నా రెండు చేతులూ ఖాళీ ఉండవు. ఆ సమయంలో వాడిని ఎక్కడ ఉంచాలి? దానికి సమాధానం దొరకకపోతే ఏదో ఒక రోజు నేనే వాకర్ కొంటానేమోనని నా భయం.

రాజ్యలక్ష్మి (కాకినాడ)

నీకు కనిపించేంత దూరంలో, వంటగది గుమ్మం బయట చాప వేసి, దాని మీద బొంత పరిచి వాడిని నేల మీదే వదులు. మంచం మీద మాత్రం వద్దు, దొర్లి పడతాడు. అత్తగారిని పక్కనే కుర్చీలో కూర్చోమను; ఎత్తుకోలేకపోయినా మాట్లాడగలరు, వాడు నోట్లో ఏదైనా పెట్టుకుంటే చూసి కేకేయగలరు. స్టీలు గిన్నె, గరిటె, మూత గట్టిగా బిగిసిన డబ్బా ఇస్తే అరగంట ఆడుకుంటాడు. గింజలు, బొత్తాలు, చిన్న బ్యాటరీలు ఆ చుట్టుపక్కల లేకుండా ముందే ఊడ్చుకో. వంటలో సగం, అంటే కూరలు తరగడం, బియ్యం ఏరడం వాడి పక్కనే కూర్చుని చేసుకో. పొయ్యి దగ్గర నిలబడే పని ముప్పావుగంటకు దిగుతుంది, ఆ సమయాన్ని వాడి నిద్రకు సర్దుకోవచ్చు.

శైలజ, పిల్లల ఫిజియోథెరపిస్టు (హైదరాబాద్)

దీనికి కొంచెం చేరుస్తాను. చుట్టూ కంచెలా ఉండే ఆటల ఆవరణ దొరుకుతుంది. మేనమామ గారు వాకర్ కోసం పెట్టదలచిన డబ్బు దానికి పెట్టవచ్చు. అందులో బిడ్డ బోర్లా పడతాడు, పాకుతాడు, అంచు పట్టుకుని లేస్తాడు. పైన శరీరం గురించి రాసిన పనులన్నీ అక్కడ జరుగుతాయి. అడుగున బరువుగా ఉండి కదలకుండా నిలిచేది, కమ్మీల మధ్య తల పట్టనిది చూసి తీసుకోండి. చక్రాలు లేకుండా ఒక్కచోటనే ఉండే ఆట కుర్చీ కూడా ఉంటుంది, ప్రమాదం తక్కువ. అయితే అందులో పావుగంట, ఇరవై నిమిషాలకు మించి ఉంచకండి, బిడ్డ తనంతట తాను కూర్చోగలిగాకే మొదలుపెట్టండి. ఏది కొన్నా కొనకపోయినా వరండా మెట్లకు గేటు పెట్టించుకోండి. బాబు పాకడం మొదలుపెడితే వాకర్ లేకపోయినా మెట్ల దాకా వెళ్లగలడు. బకెట్లలో నీళ్లు నిలవ ఉంచకండి, స్నానాలగది తలుపు గడియ పైన పెట్టుకోండి.

మమత (కరీంనగర్)

ఆలస్యంగా చేరుతున్నాను, క్షమించాలి. మా పాపకు పదకొండు నెలలు. ఎనిమిదో నెల నుంచి రోజూ వాకర్‌లో తిరుగుతోంది. బయటికి తీసి నిలబెడితే మునివేళ్ల మీద నిలబడుతోంది, పట్టుకుంటే అలాగే నడుస్తోంది. ఇంతవరకు దోగాడలేదు. ఈ చర్చ చదివాక భయం పట్టుకుంది. ఇప్పుడు ఏమి చేయాలి?

శైలజ, పిల్లల ఫిజియోథెరపిస్టు (హైదరాబాద్)

మమత గారూ, కంగారుపడకండి, కానీ వాయిదా కూడా వేయకండి. వాకర్ ఈ రోజు నుంచే ఆపండి. పాపను చెప్పులు, సాక్సు లేకుండా నేల మీద వదలండి. మొదటి వారం ఏడుస్తుంది, నిలువుగా తిరగడం అలవాటైన పిల్లకు నేల నచ్చదు. పక్కన మీరు కూడా కూర్చోండి. దోగాడకపోవడం ఒక్కటే అయితే బెంగ అవసరం లేదు, కొందరు ఆరోగ్యవంతమైన పిల్లలు దోగాడే దశ లేకుండానే నడుస్తారు.

చూడవలసినవి వేరే ఉన్నాయి. పడుకోబెట్టి మడమను పట్టి పాదాన్ని మెల్లగా పైకి వంచితే సులువుగా వంగుతోందా, బిగుసుకుపోతోందా? బట్టలు మార్చేటప్పుడు కాళ్లు కత్తెరలా ఒకదాని మీదికి ఒకటి పోతున్నాయా? ఎప్పుడూ ఒకే చేత్తో వస్తువులు అందుకుంటోందా? ఆసరా లేకుండా కూర్చోగలుగుతోందా? వీటిలో ఏదైనా అనుమానంగా ఉంటే, వాకర్ ఆపిన తరువాత కొన్ని వారాలకు కూడా పాదం నేలకు ఆనకపోతే, పిల్లల డాక్టరుకు చూపించండి. పద్దెనిమిది నెలలు నిండినా సొంతంగా నడవని ఏ బిడ్డనైనా తప్పనిసరిగా చూపించాలి. ఖర్చు ఇబ్బందైతే అంగన్‌వాడీలో అడగండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీ కేంద్రాలకు వచ్చి పిల్లల ఎదుగుదలను పరీక్షిస్తాయి, అవసరమైతే పై ఆసుపత్రికి పంపుతాయి.

వేణు (విశాఖపట్నం)

నా పిల్లల విషయంలో నా అభిప్రాయం అలాగే ఉంది. కానీ సింధూర గారిది మెట్లు, గడపలు ఉన్న ఇల్లు. అటువంటి ఇంటికి నేనైనా కొని ఇవ్వను. మమత గారూ, పాపను చూపించాక ఏమన్నారో ఇక్కడ రాయండి.

సింధూర (తెనాలి)

అన్నయ్యతో మాట్లాడాను. కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ, మెట్ల గేటుకు కొలతలు తీసుకోవడానికి ఆదివారం వడ్రంగిని వెంటబెట్టుకుని వస్తానన్నాడు. అత్తగారికి మాస్టారి లెక్క కంటే రాజ్యలక్ష్మి అమ్మగారి అరిసెల మాట బాగా నచ్చింది. ఒక చివరి సందేహం: మా ఆడపడుచు తన పిల్లలు వాడిన పాత వాకర్ ఈలోగా పంపించేసింది. పనిమనిషి తన మనవరాలికి ఇమ్మని అడుగుతోంది. కొత్తదిలాగే ఉంది, ఇవ్వవచ్చునా?

ప్రసాద్ (బ్రాంప్టన్, కెనడా)

ఇవ్వకండి. మీ బాబుకు వద్దనుకున్నది ఆమె మనవరాలికి కూడా వద్దు. ఎందుకో ఆమెకు వివరంగా చెప్పండి, వీలైతే ఆ పిల్ల కోసం ఒక మంచి బొంతో, బొమ్మలో కొని ఇవ్వండి. వాకర్ చక్రాలన్నీ ఊడదీసి, సీటు గుడ్డ కత్తిరించి, చట్రం విరగ్గొట్టాక పాత సామాన్ల వాడికి వేయండి. చక్రాలతో సహా వేస్తే అది మళ్లీ ఎవరో ఒకరి ఇంటికి చేరుతుంది.

శ్రీనివాస్, పిల్లల సామాన్ల దుకాణం (వరంగల్)

పాట వచ్చే పెట్టె ముందు పళ్లేనికి మరలతో బిగించి ఉంటుంది, విడిగా ఊడి వస్తుంది. బ్యాటరీల మూత మర గట్టిగా బిగించి ఉంటే బాబుకు అది ఆట వస్తువుగా పనికి వస్తుంది. మూత వదులుగా ఉంటే దాన్ని కూడా పారేయండి.